ఐరాస ఆపమనని వ్యాపారాన్ని చిన్న దేశాలు ఎందుకు ఆపుకుంటాయి?

మూడోబెంచి:

అందరికీ నమస్కారం. ఎం.ఏ. రాజనీతి శాస్త్రం రెండో ఏడాది చదువుతున్నాను. సెమినార్‌కి నాకు పడిన అంశం అణ్వస్త్ర వ్యాప్తి నిరోధం. చిన్న దేశాల కోణం తీసుకుంటే తేలికగా అయిపోతుంది అనుకున్నాను. ఇప్పుడు తల పట్టుకుని కూర్చున్నాను.

పుస్తకాల్లో ఉన్నది ఇంత. అణు కార్యక్రమం విషయంలో ఇరాన్ మీద భద్రతామండలి 2006 డిసెంబరులో 1737వ తీర్మానం చేసింది. తర్వాత 1747, 1803, చివరికి 2010 జూన్‌లో 1929. సభ్య దేశాలన్నీ పాటించాలి. సరే, పాటిస్తాయి. కానీ తీర్మానాలు తెరిచి చదివితే అందులో ఉన్న నిషేధాలు యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్ యంత్రాల భాగాల మీద, క్షిపణి సామగ్రి మీద, ఆయుధాల మీద, కొందరి ఆస్తుల మీద. ఇరాన్ దగ్గర చమురు కొనొద్దని 1929 తీర్మానంలో ఎక్కడా లేదు. రెండుసార్లు వెతికాను.

మరి 2012లో శ్రీలంక లాంటి దేశం ఇరాన్ చమురు ఎందుకు మానుకుంది? ఐరాస చెప్పనిదాన్ని ఎందుకు పాటించాలి? నేను కొంటాను, మీకేంటి అంటే ఏమవుతుంది? ఎవరొచ్చి ఆపుతారు?

మా సార్‌ని అడిగితే "అంతా జియోపాలిటిక్స్" అన్నారు. అది జవాబు కాదని ఆయనకీ తెలుసనుకుంటా, వెంటనే టాపిక్ మార్చేశారు.

పాతలెడ్జరు:

"ఎవరొచ్చి ఆపుతారు" అన్నారు చూడండి, మీ సెమినార్ అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఎవరూ రారు. ఒక గుమస్తా ఆపుతాడు. ఆ గుమస్తాల్లో నేనూ ఒకణ్ణి.

ఇరవై ఏళ్లకు పైగా గల్ఫ్‌లో ఒక బ్యాంకులో ఎల్‌సీ డెస్క్‌లో పని చేసి రిటైరయ్యాను. లెటర్ ఆఫ్ క్రెడిట్ అంటే మీకు తెలిసే ఉంటుంది: సరుకు పంపినవాడు పత్రాలు చూపిస్తే, కొన్నవాడి తరఫున బ్యాంకు డబ్బు ఇస్తానని పూచీ పడుతుంది. 2012 వేసవిలో నా బల్ల మీదకి ఒక ఫైలు వచ్చింది. ఇరాన్‌కి మందులు. మందుల మీద ఐరాస నిషేధం లేదు, ఐరోపాది లేదు. అమెరికా చట్టంలో సైతం మందులకీ ఆహారానికీ మినహాయింపు ఉంది. ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడెక్కిందన్న రసీదు), బీమా పత్రం, మూలదేశ ధ్రువపత్రం అన్నీ చూశాను. ఇరవై ఏళ్లలో అంత శుభ్రమైన పత్రాలు చాలా తక్కువ చూశాను. తప్పు దొరికితే బాగుండేదేమో, తప్పయితే సరిదిద్దొచ్చు.

డబ్బు కదల్లేదు. చెల్లింపు యూరోల్లో. మధ్యలో ఉండి డబ్బు దాటించే కరెస్పాండెంట్ బ్యాంకు ఒక్క లైను రాసింది: మా పాలసీ ఒప్పుకోదు. చట్టం ఒప్పుకోదు అనలేదు, గమనించండి. వాళ్ల లెక్క వాళ్లది. ఆ ఎల్‌సీ మీద వాళ్లకొచ్చే కమీషన్ కొన్ని వందల యూరోలు. పొరపాటున ఏదైనా తేడా వస్తే పోయేది అమెరికాలో వ్యాపారం చేసుకునే లైసెన్సు. 2014లో ఫ్రాన్స్ బ్యాంకు బీఎన్‌పీ పారిబా సూడాన్, ఇరాన్, క్యూబా లావాదేవీల కేసులో దాదాపు 900 కోట్ల డాలర్లు కట్టింది. ఆ అంకె పేపర్లో వచ్చిన రోజున నిబంధనలు పాటిస్తున్నామో లేదో చూసే మా కంప్లయన్స్ ఆఫీసరు దాన్ని పెద్దక్షరాల్లో ప్రింటు తీసి గోడకి అతికించాడు. ఆ తర్వాత ఇరాన్ అనే మాట ఉన్న ఫైలు ఏదీ నా బల్ల దాటి ముందుకి వెళ్లలేదు. "ఇరానీ" అనే ఇంటిపేరున్న ఒక ఖాతాదారుడి ఫైలు కూడా వారం ఆగింది, ఆయనకీ ఆ దేశానికీ ఏ సంబంధమూ లేకపోయినా.

ఇక శ్రీలంక. ఐరాస తీర్మానంలో చమురు లేదన్నది నిజమే. ఉన్నది అమెరికా చట్టంలో. 2011 డిసెంబరు 31న ఒబామా సంతకం పెట్టిన రక్షణ బడ్జెట్ చట్టంలో 1245వ సెక్షన్ చూడండి. ఇరాన్ సెంట్రల్ బ్యాంకుతో చమురు డబ్బు లెక్కలు నడిపే విదేశీ బ్యాంకుకి అమెరికాలో తలుపులు మూస్తారు. కొలంబోని ఎవరూ ఏమీ అనలేదు, కొలంబోలో ఉన్న బ్యాంకుకి చెప్పారు. 2012 మార్చి 17న, బ్యాంకుల మధ్య చెల్లింపు సందేశాలు మోసే స్విఫ్ట్ సంస్థ ఇరాన్ బ్యాంకుల్ని తన నెట్‌వర్క్ నుంచి తీసేసింది. జులై 1 నుంచి ఐరోపా యూనియన్ ఇరాన్ చమురు మోసే ట్యాంకర్లకు బీమా ఇవ్వడం ఆపించింది. ప్రపంచంలో ఓడల టన్నేజీలో దాదాపు 90 శాతానికి బీమా ఇచ్చే క్లబ్బుల్లో ఎక్కువ భాగం ఐరోపాలోనే ఉన్నాయి. బీమా లేని ట్యాంకర్‌ని ఏ రేవూ దగ్గరికి రానివ్వదు. అంటే చమురు కొనడానికి మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది, డబ్బు పంపే దారి లేదు, సరుకు తెచ్చే ఓడ లేదు.

ఆ చట్టంలోనే ఒక సందు కూడా పెట్టారు. ఇరాన్ కొనుగోళ్లు "గణనీయంగా తగ్గించిన" దేశానికి 180 రోజుల మినహాయింపు. 180 రోజులు అయ్యాక మళ్లీ అడుక్కోవాలి. ఎంత తగ్గిస్తే గణనీయం అన్నది చట్టంలో లేదు. కావాలనే రాయలేదు. 2012 జూన్ 11న అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చిన జాబితాలో భారత్, మలేసియా, దక్షిణ కొరియా, దక్షిణాఫ్రికా, తైవాన్, తుర్కియేలతో పాటు శ్రీలంక పేరూ ఉంది. అందరికీ ఒకే కాగితం, భారం మాత్రం ఒకటి కాదు. పెద్ద దేశానికి పది రిఫైనరీలు ఉంటాయి, ఒకదాంట్లో తగ్గిస్తే ఇంకోదాంట్లో సర్దుకుంటుంది. శ్రీలంకకి ఉన్నది ఒక్కటే, సపుగస్కంద. 1969 నుంచి నడుస్తోంది, రోజుకి 50 వేల బ్యారెళ్లు, ఇరాన్ లైట్ రకం ముడి చమురుకి సరిపోయేలా అమర్చినది. వేరే రకం పోస్తే దిగుబడి మారిపోతుంది, డీజిల్ తక్కువ, ఫర్నెస్ ఆయిల్ ఎక్కువ. అలాంటి దేశాన్ని "గణనీయంగా తగ్గించు" అనడం ఒంటి కాలివాణ్ణి ఒక కాలు ఎత్తమన్నట్టు.

అప్పటికే తెచ్చుకున్న చమురుకి కట్టాల్సిన డబ్బు మిగిలిపోయింది. 25.1 కోట్ల డాలర్లు. ఇవ్వాలని ఉన్నా ఇచ్చే దారి లేదు. దాదాపు పదేళ్లు అలాగే ఉంది. 2021 డిసెంబరులో రెండు దేశాలు ఒక ఒప్పందానికి వచ్చాయి: నెలకి 50 లక్షల డాలర్ల విలువైన తేయాకు పంపి తీరుస్తాం. టీ ఆహార పదార్థం కాబట్టి ఆంక్షలు తగలవు. శ్రీలంక ప్రభుత్వం తమ తేయాకు వాళ్లకి సొంత రూపాయల్లో చెల్లిస్తుంది, డాలరు ఎక్కడా కనిపించదు. అప్పుడు వాళ్ల దగ్గర డాలర్లు ఎలాగూ అడుగంటాయి, అది వేరే కథ. సరుకు నిజంగా కదలడం మొదలైంది 2023లో. లెక్క వేసుకోండి, ఒక్క నెల కూడా తప్పకుండా పంపినా తీరడానికి యాభై నెలలు.

శ్రీలంకలోనే ఉమా ఓయా కూడా చూడండి. ఇరాన్ అప్పుతో, ఇరాన్ ఇంజినీర్లతో కట్టాలనుకున్న జలవిద్యుత్ ప్రాజెక్టు, 120 మెగావాట్లు. ఇరాన్ వైపు నుంచి దాదాపు 5 కోట్ల డాలర్లు వచ్చాక ఆంక్షల వల్ల అప్పు ఆగిపోయింది. మిగతాదంతా, అంటే 50 కోట్ల డాలర్లు దాటిన ఖర్చులో పదింట తొమ్మిది వంతులు, శ్రీలంక సొంతంగా పెట్టుకుంది. 2024 ఏప్రిల్‌లో ఇరాన్ అధ్యక్షుడు రైసీ వచ్చి రిబ్బన్ కత్తిరించారు.

రేవుగాలి:

పాతలెడ్జరు గారూ, చదువుతుంటే బాధేసింది కానీ, మీరు చిన్న దేశాల్ని మరీ అమాయకుల్ని చేసేశారు. నేను ఓడ సరుకు బుకింగ్ పనిలో ఉన్నాను, మీకు వచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ తయారు చేసేది మాలాంటివాళ్లమే. మా వైపు నుంచి చూస్తే ఇంకో బొమ్మ కనపడుతుంది.

చిన్న దేశం ఒత్తిడికి లొంగడం ఒక్కటే చెయ్యదు. నిబంధనలు లేనితనాన్ని అమ్ముతుంది కూడా. 2003 అక్టోబరులో బీబీసీ చైనా అనే జర్మన్ ఓడ దుబాయ్ మీదుగా లిబియాకి వెళ్తుంటే ఇటలీలోని తరాంతో రేవుకి మళ్లించి తనిఖీ చేశారు. లోపల సెంట్రిఫ్యూజ్ భాగాలు. పాకిస్తాన్ శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్ నడిపిన అణు పరికరాల దొంగ వ్యాపారం అలా బయటపడింది. ఆ భాగాలు తయారైంది మలేసియాలో, మామూలు ఇంజినీరింగ్ ఫ్యాక్టరీలో. చమురు, గ్యాస్ పరిశ్రమకి వాడేవి అనుకున్నాం అని కంపెనీ చెప్పింది. అబద్ధమని నేను అనను. గొట్టం గొట్టంలాగే ఉంటుంది. నా దగ్గరికి వచ్చే ఇన్‌వాయిస్‌లో "అల్యూమినియం భాగాలు" అని రాసి ఉంటే అది సైకిల్‌కో, యురేనియంకో నాకెలా తెలుస్తుంది? అందుకే ఎండ్ యూజర్ సర్టిఫికెట్ అనేది పెట్టారు: చివరికి వాడేది ఎవరు, దేనికి, సంతకం పెట్టు.

అప్పట్లో మలేసియాలో అది అడిగే చట్టమే లేదు. కాబట్టి ఏ చట్టమూ అతిక్రమించలేదు. 2004 ఏప్రిల్‌లో భద్రతామండలి 1540వ తీర్మానం చేసి, ఇలాంటి చట్టం ప్రతి దేశమూ పెట్టుకోవాలంది. మలేసియా పెట్టుకున్నది 2010లో, వాషింగ్టన్‌లో ఒబామా పిలిచిన అణు భద్రతా సదస్సుకి కొద్ది రోజుల ముందు. ఆరేళ్లు! సోమరితనం అనుకోకండి. ఎలక్ట్రానిక్స్ ఎగుమతి మీద బతికే దేశం, ప్రతి పెట్టెకీ లైసెన్సు అంటే పక్క దేశం రేవుకి వ్యాపారం పోతుందని వాళ్ల భయం. చివరికి లెక్క తిరగబడింది. చట్టం లేకపోతే హైటెక్ సరుకు అమ్మేవాళ్లే అనుమానంగా చూస్తారు, అది ఇంకా పెద్ద నష్టం. అప్పుడు కదిలారు. నీతి కోసం కదిలారని నేను నమ్మను. నమ్మాల్సిన అవసరమూ లేదు, చట్టం వచ్చింది కదా.

జెండాల సంగతి ఇంకా తమాషా. తువాలు అని పసిఫిక్‌లో ఒక దేశం, జనాభా పదకొండు వేలు. ఓడలకి తన జెండా అద్దెకిస్తుంది, అంటే వాటిని తన దేశపు ఓడలుగా రిజిస్టరు చేస్తుంది, ఆ రిజిస్ట్రీ ఆఫీసు నడిచేది సింగపూర్‌లో. 2012లో ఇరాన్ జాతీయ ట్యాంకర్ కంపెనీ ఓడలు పేర్లు మార్చుకుని తువాలు జెండా కింద చేరాయి. టాంజానియా జెండా కింద 36 ఓడలు చేరాయి, అక్కడ కూడా దుబాయ్ ఏజెంటు చేసిన రిజిస్ట్రేషన్లే. హోవర్డ్ బెర్మన్ అనే అమెరికా కాంగ్రెస్ సభ్యుడు ఇద్దరికీ ఉత్తరాలు రాశాడు. ఉత్తరాలే, ఇంకేమీ లేదు. ఇద్దరూ పేర్లు కొట్టేశారు. ఓడలు ఏమయ్యాయి? ఇంకో జెండా వెతుక్కున్నాయి. ఒక్క ట్యాంకర్ మూడేళ్లలో నాలుగు జెండాలు మార్చడం మా పనిలో వింతేమీ కాదు, స్టెర్న్ (ఓడ వెనకభాగం) మీద పాత పేరు సరిగ్గా చెరపను కూడా చెరపరు.

కాబట్టి మూడోబెంచి గారూ, మీ పేపర్లో "ఒత్తిడికి గురైన చిన్న దేశాలు" అని ఒక్క డబ్బాలో అందర్నీ పెట్టకండి. శ్రీలంక కొనేవాడు. తువాలు అద్దెకిచ్చేవాడు. ఇద్దరి కష్టం ఒకటి కాదు.

సరిహద్దురాయి:

ఆర్మేనియాని ఎవరూ చెప్పలేదేం?

తుర్కియేతో సరిహద్దు 1993 నుంచి మూసి ఉంది, అజర్‌బైజాన్‌తోనూ మూతే. మిగిలినవి ఉత్తరాన జార్జియా, దక్షిణాన ఇరాన్. ఇరాన్‌తో ఉన్నది యాభై కిలోమీటర్లు కూడా లేని సరిహద్దు. అమెరికా అంటే వాళ్లకి స్నేహమే, అక్కడ ఆర్మేనియన్లు చాలామంది ఉన్నారు, సాయమూ వస్తుంది. అలాగని ఇరాన్ తలుపు మూసుకుంటే ఊపిరి ఆడదు.

వాళ్లు చేసింది: 2007 మార్చిలో ఇరాన్ నుంచి గ్యాస్ పైపు వచ్చింది. వచ్చిన గ్యాస్‌తో కరెంటు తీసి తిరిగి ఇరాన్‌కే పంపుతారు. ఒక ఘనపు మీటరు గ్యాస్‌కి మూడు యూనిట్ల కరెంటు. అంతే ఒప్పందం. డాలరు లేదు, ఎల్‌సీ లేదు, పాతలెడ్జరు గారి బల్ల అసలు లేదు. స్విఫ్ట్ తీసేస్తే ఏంటి, తీగల్లో కరెంటు పోతూనే ఉంటుంది. 2023లో దాన్ని 2030 దాకా పొడిగించుకున్నారు. వాషింగ్టన్ చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ పైపు మొదట అనుకున్నదానికంటే సన్నగా వేశారు. అది అమెరికా ఒత్తిడి వల్ల కాదు. ఆర్మేనియా గ్యాస్ వ్యవస్థ రష్యా గాజ్‌ప్రోమ్ చేతిలో ఉంది, ఇరాన్ గ్యాస్ ఆర్మేనియా దాటి ముందుకి పోయి పోటీ అవడం వాళ్లకి ఇష్టం లేదు. చిన్న దేశానికి పెద్దమనుషులు ఒక్కరే ఉండరు.

మూడోబెంచి:

అందరికీ చాలా థాంక్స్. ఆర్మేనియా గురించి ఏ పుస్తకంలోనూ చూడలేదు.

రేవుగాలి గారు చెప్పిన తేడా నోట్ చేసుకున్నాను. ఇంకో సందేహం. బ్యాంకు గుమస్తా ఆపుతాడు సరే, కానీ ఓటు వెయ్యాల్సిన చోట? భద్రతామండలిలో తాత్కాలిక సభ్యులుగా చిన్న దేశాలు కూర్చుంటాయి కదా. అక్కడ చెయ్యి ఎత్తడం అందరికీ కనపడుతుంది. అప్పుడేం చేస్తారు?

పాతలెడ్జరు:

రేవుగాలి గారి మాట ఒప్పుకుంటున్నాను. నా బల్ల దగ్గర నుంచి చూస్తే అందరూ బాధితుల్లాగే కనపడ్డారు, అది నా చూపులో లోపం. జెండాల సంగతి మాకూ తెలుసు, ఓడ పేరు, ఐఎంఓ నంబరు సరిపోల్చడం మా పనిలో భాగమే. పేరు మారుతుంది కానీ ఆ ఏడంకెల నంబరు మారదు.

ఓటు గురించి. 2010 జూన్ 9న 1929 తీర్మానం మీద ఓటింగ్ తీసుకోండి. అనుకూలం 12, వ్యతిరేకం 2, తటస్థం 1. వ్యతిరేకించింది బ్రెజిల్, తుర్కియే. మూడు వారాల ముందు వాళ్లిద్దరూ టెహ్రాన్‌లో కూర్చుని ఒక ఒప్పందం కుదిర్చారు: ఇరాన్ 1,200 కిలోల తక్కువ శుద్ధి చేసిన యురేనియాన్ని తుర్కియేలో ఉంచుతుంది, బదులుగా టెహ్రాన్ పరిశోధనా రియాక్టరుకి 120 కిలోల ఇంధనం ఇస్తారు. దాన్ని పక్కన పెట్టి ఓటింగ్ పెట్టారన్న కోపం. వాళ్లు కోపం చూపించగల సైజు దేశాలు. తటస్థంగా ఉన్నది లెబనాన్. వాళ్ల ప్రభుత్వంలోనే ఇరాన్ అండ ఉన్న హిజ్బుల్లా మంత్రులున్నారు, ఇంకేం చేస్తారు, చేతులు ముడుచుకుని కూర్చున్నారు.

నాకు ఆసక్తి కలిగించింది ఉగాండా. ఓటింగ్‌కి ఆరు వారాల ముందు, ఏప్రిల్ చివర్లో, అప్పటి ఇరాన్ అధ్యక్షుడు అహ్మదీనెజాద్ స్వయంగా కంపాలా వెళ్లాడు. ఉగాండాలో అప్పుడే చమురు బయటపడింది, రిఫైనరీ కావాలి, ఇరాన్ సాయం చేస్తానంది. ఘనంగా స్వాగతం చెప్పారు, మాట్లాడుకున్నారు, ఫొటోలు దిగారు. జూన్ 9న ఉగాండా అనుకూలంగా చెయ్యి ఎత్తింది. అతిథి మర్యాద అతిథికి, ఓటు ఓటుకి. దీన్ని ద్రోహం అనుకునేవాళ్లు ఉంటారు. నాకైతే ఆ రిఫైనరీకి అప్పిచ్చే బ్యాంకు ఎక్కడ ఉంటుందో ఉగాండా అధ్యక్షుడు ముసెవేనికి ముందే తెలుసు అనిపించింది.

ఒప్పుకోవడాన్ని మంచి ధరకి అమ్మినవాళ్లూ ఉన్నారు. యూఏఈ 2009లో అమెరికాతో ఒప్పందం రాసుకుని యురేనియం శుద్ధి, వాడిన ఇంధనం రీప్రాసెసింగ్ రెండూ మా గడ్డ మీద చెయ్యం అంది. అదే ఏడాది డిసెంబరులో దక్షిణ కొరియా కంపెనీకి బరాకా అణు విద్యుత్ కేంద్రం కాంట్రాక్టు వెళ్లింది, ఇప్పుడు నాలుగు రియాక్టర్లూ నడుస్తున్నాయి. ఈ ప్రాంతంలో ఇంకెవరికైనా మెరుగైన షరతులిస్తే మాతో మళ్లీ మాట్లాడాలి అని ఒక మెలిక కూడా రాయించుకున్నారు, బేరం తెలిసినవాళ్లు. ఇంత చేసీ దుబాయ్ ఇరాన్‌తో వ్యాపారం పూర్తిగా మానలేదు. గల్ఫ్ అవతల ఉన్నవాడితో వ్యాపారం మానడం అంత తేలికా? కజఖ్‌స్తాన్ కూడా అంతే, 2015 అణు ఒప్పందం తర్వాత ఇరాన్ తన శుద్ధి చేసిన యురేనియాన్ని రష్యాకి పంపేస్తే, బదులుగా ఇరాన్‌కి 60 టన్నుల సహజ యురేనియం ఇచ్చింది కజఖ్‌స్తానే. అణ్వాయుధాలు వదిలేసిన దేశం కాబట్టి ఎవరూ వేలెత్తి చూపలేదు.

ఇప్పుడు నమీబియా. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఒకే చిన్న దేశంలో ఇరాన్ ముడీ ఉత్తర కొరియా ముడీ రెండూ పడ్డాయి.

అక్కడ రోసింగ్ అని పెద్ద యురేనియం గని ఉంది. అందులో 15 శాతం వాటా ఇరాన్ ప్రభుత్వానిది. ఇరాన్ రాజు షా కాలంలో, 1970ల్లో కొన్నది. అప్పటికి నమీబియా స్వతంత్ర దేశమే కాదు. స్వాతంత్ర్యం 1990లో వచ్చింది, వాటాదారు ముందే ఇంట్లో కూర్చుని ఉన్నాడు! ఆ వాటాతో ఇరాన్‌కి యురేనియం తీసుకునే హక్కు లేదు, ఒక్క కిలో కూడా. అయినా ప్రతి రెండు మూడేళ్లకీ ఎవరో ఒక విలేకరి దీన్ని కొత్తగా కనిపెడతాడు, నమీబియా మళ్లీ వివరణ ఇచ్చుకుంటుంది. 1929 తీర్మానంలో ఏడో పేరా చూడండి, విదేశాల్లో యురేనియం తవ్వకాల్లో ఇరాన్ కొత్తగా వాటా కొనకూడదు. పాతదాని సంగతి అందులో లేదు. అమ్మెయ్యమంటే కొనేవాడు కావాలి, కొన్న డబ్బు ఇరాన్‌కి చేరాలి, ఆ డబ్బు మళ్లీ నాలాంటి గుమస్తా దగ్గర ఆగుతుంది. అందుకని వాటా అలాగే ఉండిపోయింది. 2019లో గని నడిపిన రియో టింటో కంపెనీ తన పెద్ద వాటాని చైనా ప్రభుత్వ కంపెనీకి అమ్మేసి వెళ్లిపోయింది. ఇరాన్ మాత్రం కదల్లేదు.

ఉత్తర కొరియా సంగతి. ఆ దేశానికి చెందిన మాన్సుడే అనే సంస్థ విగ్రహాలు, పెద్ద భవనాలు చవగ్గా కట్టిపెడుతుంది. నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో వీరుల స్మారకం, అధ్యక్ష భవనం, స్వాతంత్ర్య మ్యూజియం వాళ్లు కట్టినవే. స్వాతంత్ర్య పోరాటంలో ప్యాంగ్యాంగ్ తోడుగా నిలిచిందన్న కృతజ్ఞత కూడా ఉంది, అది నిజమైన కృతజ్ఞతే. అక్కడ ఉత్తర కొరియావాళ్లు చేసిన ఆయుధ కర్మాగారం పనుల సంగతిని ఐరాస నిపుణుల బృందం బయటపెట్టాక, 2016లో నమీబియా ఆ కాంట్రాక్టులు రద్దు చేసింది. అదే ఏడాది నవంబరులో 2321వ తీర్మానం వచ్చింది, అందులో ఉత్తర కొరియా నుంచి విగ్రహాలు కొనడం మీద నిషేధం ఉంది. అణుబాంబుని ఆపే కాగితంలో విగ్రహాలు! మొదటిసారి చదివినప్పుడు నవ్వాను. తర్వాత అర్థమైంది, ఆ విగ్రహాల డబ్బు విదేశీ మారకంగా ఎక్కడికి వెళ్తుందో.

అడ్డప్రశ్న:

ఇంత రాశారు కానీ అసలు సంగతి ఎవరూ అనడం లేదు. బాంబులున్నవాళ్లు బాంబులు పెట్టుకునే ఉన్నారు, లేనివాళ్లు టీ ఆకులతో అప్పు తీర్చుకుంటున్నారు. ఇదేం నిరోధం?

రేవుగాలి:

అడ్డప్రశ్న గారూ, కోపం సరైనదే. కానీ చిన్న దేశాలు ఎప్పుడూ కిందే ఉంటాయనుకోకండి. 2008 సెప్టెంబరులో అణు సరఫరాదారుల బృందం (అణు ఇంధనం, పరికరాలు అమ్మే దేశాల కూటమి) వియన్నాలో కూర్చున్నప్పుడు భారత్‌కి మినహాయింపు ఇవ్వడానికి అడ్డు నిలిచింది ఎవరు? ఆస్ట్రియా, ఐర్లండ్, న్యూజిలాండ్, నార్వే, స్విట్జర్లండ్, నెదర్లాండ్స్. ఆ బృందంలో ఏకాభిప్రాయం ఉండాలి, ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం (ఎన్‌పీటీ) మీద సంతకం పెట్టని దేశానికి ఇంధనం ఎలా ఇస్తారని వాళ్ల వాదన. రెండు మూడు రోజులు ఆపారు. వాషింగ్టన్ నుంచి రాజధానులకి ఫోన్లు వెళ్లాయి. సెప్టెంబరు 6న మినహాయింపు వచ్చింది. మన పేపర్లలో అప్పుడు ఆ ఆరు దేశాల్ని విలన్లుగా రాశారు. వాళ్లు అడిగింది మీరు ఇప్పుడు అడుగుతున్నదే.

అడ్డప్రశ్న:

ఊఁ. ఆ కోణం తట్టలేదు. కానీ చివరికి లొంగారు కదా?

రేవుగాలి:

లొంగారు. అణు పరీక్షలు జరపబోమన్న మాటని భారత్‌తో మళ్లీ చెప్పించుకుని లొంగారు. చిన్న దేశానికి దొరికేది మహా అయితే అంత.

మూడోబెంచి:

సెమినార్ ఎల్లుండి. ఇంకో రెండే ప్రశ్నలు, తిట్టుకోకండి. 2025 సెప్టెంబరు చివర్లో 2015 అణు ఒప్పందంతో పక్కన పెట్టిన పాత ఐరాస తీర్మానాలు ఇరాన్ మీద మళ్లీ అమల్లోకి వచ్చాయి. రష్యా, చైనా అది చెల్లదంటున్నాయి. ఇప్పుడు చిన్న దేశం ఎవరి మాట వినాలి? రెండోది, పాతలెడ్జరు గారూ, మీ మందుల ఫైలు చివరికి ఏమైంది? అది చెప్పకుండా ముందుకి వెళ్లిపోయారు.

పాతలెడ్జరు:

మొదటిదానికి: ఇదివరకు తీర్మానం ఉందా లేదా అన్న విషయంలో గొడవ ఉండేది కాదు, దాన్ని ఎంత పాటించాలన్నదే బేరం. ఇప్పుడు తీర్మానం ఉందా లేదా అన్నదే గొడవ. మాటల్లో రెండు పక్షాలకీ తల ఊపుతారు, ఐరాసలో ప్రసంగాలు జాగ్రత్తగా రాసుకుంటారు. చెల్లింపు యువాన్‌లో అయితే ఒక దారి, డాలరులో అయితే ఇంకో దారి. మీ పేపర్లో ప్రసంగాల కంటే ఆ దేశం దిగుమతుల బిల్లు ఏ కరెన్సీలో కడుతోందో చూడండి, ఎవరి మాట వింటోందో తెలిసిపోతుంది.

రెండోది. మేము ఇంకో రెండు బ్యాంకుల్ని అడిగాం. ఒకరు జవాబే ఇవ్వలేదు. ఇంకొకరు చేస్తామన్నారు, కానీ ప్రతి మందు పేరుకీ విడిగా న్యాయ అభిప్రాయం తెమ్మన్నారు, ఆ లాయరు ఫీజు సరుకు లాభం కంటే ఎక్కువైంది. ఎల్‌సీ గడువు అయిపోయింది. సరుకు అప్పటికి రేవులో చల్లటి గిడ్డంగిలో ఉంది, డెమరేజీ (ఆలస్యపు రుసుము) పెరుగుతోంది. వెనక్కి తెప్పించుకున్నారు. ఎగుమతిదారు చాలా మర్యాదస్తుడు, నా మీద కోప్పడలేదు. ఆఖరి పత్రం మీద సంతకం పెట్టడానికి వచ్చినప్పుడు ఒక్కటే అడిగాడు, "నేను ఏ రూల్ తప్పాను సార్?" అని. ఏ రూలూ తప్పలేదని చెప్పాను. ఫైలు కవరు మీద కారణం రాసే గడిలో నేను రాసింది "కస్టమర్ కోరిక మేరకు రద్దు". ఆ గడిలో రాయడానికి మాకు ఇచ్చిన కారణాల జాబితాలో అంతకంటే దగ్గరగా ఉన్నది ఇంకేదీ లేదు.